సన్న చెయ్యి

పశువైద్యం చదివి నాలుగేళ్ళు ఉద్యోగం వెలగబెట్టాక, సెలవు పెట్టి వెళ్ళి ప్రజారోగ్యంలో ఇంకో డిగ్రీ తెచ్చుకున్నాను. బళ్ళారికి తిరిగి వచ్చేసరికి ఎనభైలు సగమయ్యాయి. ఒంటికి రెండు డిగ్రీలు ఎక్కితే జ్వరమంటారు కదా, మా ఆఫీసులోనూ నన్ను అట్లాగే చూసేవాళ్ళు.

"ఏమప్పా, ఇంగ గొడ్డుకి సూదేస్తావా, గొడ్డును తోలేవానికి వేస్తావా?" అనేవాడు మా పెద్ద డాక్టరు. పశువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బులు నేను చదివొచ్చినవి. ఆ జబ్బులు వచ్చే దారిలో ఏ శాఖకూ ఆఫీసు లేదు.

ఒక మధ్యాహ్నం కప్పగల్లు రైతు ఒకడు సైకిలు మీద వచ్చాడు. తన ఎనుము గొంతులో జొన్నదంటు ఇరుక్కుందని, జొల్లు కారుస్తోందని చెప్పాడు. నేను వెళ్ళేసరికి ఆ గేదె మెడ చాచి, గొంతు బొంగురుపోయేలా అరుస్తోంది. వెనక కాళ్ళు తడబడుతున్నాయి. గొంతు పైనుంచి తడిమితే ఏమీ తగల్లేదు.

"దొడ్లోకి కుక్కేమైనా దూరిందా?" అని అడిగాను.

"ఉగాదికి ముందు దూరిండె సారూ. యాడిదో పిచ్చికుక్క. తరిమేస్తిమి."

దంటు కాదు, పిచ్చికుక్క జబ్బే అన్నాను.

"దంటు లేదని సన్నచెయ్యామె కూడా అనింది. పొద్దున రెండుసార్లు చెయ్యి పెట్టి సూసె."

పశువు గొంతులో ఏదైనా అడ్డం పడినా, దూడ అడ్డం తిరిగినా ఆ ఊళ్ళో ముందు పిలిచేది ఆమెనే. సన్నటి మణికట్టు ఆమెది. పొలం కూలికి పోయే మనిషి. గాజులు తీసి, మోచేతి దాకా ఆముదం పూసుకుని చెయ్యి లోపలికి పెట్టేది. డబ్బు ముట్టదు, జున్ను ఇస్తే తీసుకుంటుంది. ఆమె చేతులెత్తేస్తేనే మాకు చేతినిండా పని.

నేరుగా ఆమె ఇంటికి వెళ్ళి చెయ్యి చూపించమన్నాను. మణికట్టు మీద పళ్ళు గీరుకున్న ఎర్రటి చారలు. అప్పటికప్పుడు సబ్బుతో బాగా కడిగించాను.

"నన్ను కుక్క కరవలా గదప్పా. ఎనుమూ కరవలా. నేనే దాని నోట్లో చెయ్యి పెడితి."

"గీరుకున్న చోట జొల్లు తగిలితే చాలు పెద్దమ్మా."

"ఎన్ని నోళ్ళలో పెట్టింటానో! ఎనుము నోరు సులువు. మా ఇంటాయన నోట్లోంచి ఒక మాట తియ్యమను నన్ను, సూస్తాం."

గోడవార కూర్చున్న ఇంటాయన దానికీ నోరు విప్పలేదు. ఆమె నవ్వు ఆపి గొంతు తగ్గించింది. "బొడ్డు సుట్టూ ఆ సూదులు ఏపిచ్చుకుంటే ఊర్లో ఏమంటారు? పిచ్చికుక్కది అంటారు. రేప్పొద్దున నా చెయ్యి ఎవురు రానిస్తారు దొడ్లోకి?"

ఎంత చెప్పినా ఆ పూట నాతో ఆస్పత్రికి రానంది.

మర్నాడు గేదె చచ్చిపోయింది. లోతుగా గుంట తీయించి సున్నం పోసి పూడ్పించాను. గుంట దగ్గర నిలబడి చూసినామె, ఎవరూ అడగకుండానే వెళ్ళి నా స్కూటరు పక్కన నిలుచుంది.

మనుషుల ఆస్పత్రిలో డాక్టరు కన్నడాయన. "నాయి కచ్చిందా?" అన్నాడు, తనకొచ్చిన తెలుగులో.

"కుక్క కాదు సార్, గేదె."

"ఎమ్మె కరిచిందా?"

"లేదు. ఈమే దాని నోట్లో చెయ్యి పెట్టింది."

"ఐతే కంప్లైంటు ఎమ్మె ఇయ్యాల్రీ!" అని నవ్వి, ఆమె మణికట్టు చూసి నవ్వు ఆపేశాడు. నేను గేదె లక్షణాలు చెబుతుండగానే చీటీ రాశాడు. ఆ రోజే మొదటి సూది పడింది.

కూలి మానుకుని, రోజూ బస్సెక్కి వచ్చి, కడుపు గట్టిపడి నడుం వంగని స్థితిలో కూడా ఆమె ఒక్క సూదీ తప్పించలేదు. ఊరు మాత్రం ఆమె అనుకున్నట్టే చేసింది. తరువాత ఈనిన ఆవుకు కష్టమైతే నన్ను పిలిచారు, వీధి చివర ఉన్న ఆమెను పిలవలేదు.

నా భయం వేరే. అప్పటి మందుకు పూర్తి భరోసా లేదు. ఈ జబ్బు నెలల తరబడి దాక్కుంటుంది. బయటపడ్డాక రోగి నీళ్ళు చూస్తేనే గొంతు పట్టేస్తుంది, ఆపైన వైద్యం లేదు. అందుకే అటు పనిపడ్డప్పుడల్లా ఆమె గడపలో నిలబడి దాహమనేవాణ్ణి. నేను తాగి, "ఎండన పడి వచ్చినట్టుండారు, మీరూ తాగండి పెద్దమ్మా" అనేవాణ్ణి. తాగేది.

జొన్నకోతల రోజుల్లో ఒకసారి నేను తాగి చెంబు ఇచ్చాను. ఆమె పట్టుకుని నిలబడింది.

"నేను తాగేది సూసేదానికే గదా నువ్వు వస్తాండేది?"

అవునని తలూపాను.

"మొదటి దినమే తెలిసె నాకి. ఒంటిగా తాగేటప్పుడు బో భయమైతాది డాక్టరప్పా. నువ్వుంటే స్వల్ప నయం."

తల వెనక్కి వంచి, చెంబు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకుంది. గుటక వెనక గుటక ఆమె గొంతులో దిగడం చూస్తూ, చెంబు ఖాళీ అయ్యేదాకా నిలబడ్డాను.