గంజి పెట్టిన తెరచాప

మా మేనమామ ఏ గుడ్డ కనిపించినా రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు, పెళ్లిపీటల మీద కూర్చున్న అల్లుడి పంచె అయినా సరే. ముప్పై ఏళ్లు మగ్గం నేసిన మనిషి. కాలు మాత్రం ఒక్కచోట నిలిచేది కాదు.

ఓ పాత తెరచాప పడవను ఏడాదిపాటు బాగుచేసి, ఒక ఆదివారం మమ్మల్ని హసన్‌పర్తి చెరువుకు తీసుకెళ్లాడు. తెరచాప తనే నేశాడు. ఈత రాని అత్తమ్మ ఆయన కోసమే పడవెక్కి, రెండు చేతులతో అంచు పట్టుకుని కూర్చుంది. మామ కూర్చోలేదు. అటూ ఇటూ తిరుగుతూ తెరచాపను నలిపి చూస్తూనే ఉన్నాడు.

"జర ఒక్కకాడ కూసోరాదయ్యా, పడవ ఊగుతాంది" అంది అత్తమ్మ.

చెరువు మధ్యకు వెళ్లాక జల్లు పడింది. అప్పటిదాకా బిర్రుగా నిలిచిన తెరచాప మెత్తబడి, జిగటగా తెరచాప కొయ్యకు అతుక్కుపోయింది. మామ దాన్ని నలిపి, వేళ్లు వాసన చూసుకున్నాడు.

"గంజి కరిగింది" అన్నాడు చిన్నగా. "మగ్గం దిగిన గుడ్డకు గంజి వెట్టకుంట ఎట్లుంట?"

తెడ్లు వేసుకుంటూ ఒడ్డు చేరాం. మేం దిగకముందే ఆయన తెరచాప విప్పి చెరువులో జాడించడం మొదలుపెట్టాడు. అత్తమ్మ చేతులు ఇంకా పడవ అంచును వదల్లేదు.

"రేపు మల్ల ఎన్ని గంటలకు పోదాం?" అని అడిగింది.