ఆదిశేషమ్మ నవలకు ఆఖరి ప్రకరణం

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊరంతా ఒక కునుకు తీస్తుంది. చిల్లకూరుకు తూర్పున, బకింగ్‌హాం కాలవకు పోయే దారిలో ఉన్న ఆ చిన్న ఊళ్ళో ఆ వేళప్పుడు ఆదిశేషమ్మ ఒక్కతే మేలుకొని ఉండేది. వడ్ల బస్తాలుండే గదిలో చాప పరుచుకొని, ఒళ్ళో పీట పెట్టుకొని రాసేది. ఎవరైనా లేచిన అలికిడైతే కాగితాలు చాప కిందికి పోయేవి. అదేమీ దొంగపని కాదు. ‘ఏం రాస్తా ఉండావు?’ అని అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర జవాబు లేదు, అంతే.

ఆమె నెల్లూరులో మేనమామ ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. భర్త జయరామయ్య మొలగొలుకుల వడ్లు పండించే రైతు. నెమ్మదైన మనిషి. భార్య కోసం గూడూరు నుంచి వారపత్రికలు తెచ్చి ఇచ్చేవాడు గానీ తాను మాత్రం అట్ట మీద బొమ్మ దాటి చూసేవాడు కాదు. ఆ పత్రికల్లో కథలన్నీ చదివి చదివి, తానెరిగిన మనుషులు ఒక్కరూ వాటిలో కనపడక, పంతొమ్మిదివందల యాభై ఏడులో ఆదిశేషమ్మ ఒక నవల మొదలుపెట్టింది.

ఆమెకు బాగా తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది. జయరామయ్య అక్క చెంచమ్మ.

చెంచమ్మను ముత్తుకూరు పక్క ఊరికి ఇచ్చారు. మొగుడు చెయ్యి చేసుకునే రకం. ఒకరోజు పొద్దున్నే నీళ్ళకని కాలవకు పోయి, బిందె గట్టు మీద పెట్టి, దక్షిణంగా పోతున్న కట్టెల పడవ ఎక్కి పుట్టింటికి వచ్చేసింది. పెద్దమనుషులు వచ్చి నచ్చజెప్పారు. ‘పొలంలో ఏ పనైనా చెప్పండి, చేస్తా. ఆ ఇంటికి మాత్రం పోను’ అన్నదట. అన్నట్టే పోలేదు. తమ్ముడి పక్కన నిలబడి సేద్యం చేయించింది. నిమ్మతోట వేసింది. గూడూరు మార్కెట్టులో బేరమాడేటప్పుడు ఆమె గొంతు విని దళారులే కాస్త తగ్గి మాట్లాడేవారు. ఊళ్ళో జనం నోళ్ళు మూతపడటానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ కథే ఆదిశేషమ్మ రాసింది. పేరు మార్చి మంగమ్మ అన్నది, ఊరు మార్చింది. కానీ వదినను అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. రోజూ ఒకే పొయ్యి దగ్గర కూర్చునే మనిషితో ‘నీ కథ రాస్తున్నాను’ అని ఎలా చెప్పడం?

నవల పూర్తయ్యాక బెజవాడలో ఒక ప్రచురణకర్తకు పంపింది. ఆయన మర్యాదగానే జాబు రాశాడు. భాష బాగుంది, సన్నివేశాలు బాగున్నాయి, అయితే మొగుణ్ణి వదిలేసి వచ్చిన ఆడది అలాగే ఉండిపోవడం కుటుంబ స్త్రీలు చదివే పుస్తకంలో బాగుండదు, ఆఖరున భర్త పశ్చాత్తాపపడి వచ్చినట్టూ ఆమె అతనితో వెళ్ళినట్టూ మార్చితే ఆలోచిస్తానన్నాడు. ఆదిశేషమ్మకు మనసొప్పలేదు. కొన్ని నెలలు కాగితాల జోలికే పోలేదు. తర్వాత, పుస్తకం అంటూ ఒకటి రావాలి కదా అని తనకు తాను సర్దిచెప్పుకొని, మంగమ్మను మొగుడితో బండెక్కించింది. ఆ ప్రకరణం రాసిన రోజు ఆమె కూరలో ఉప్పు వేయడం మరిచిపోయింది.

తీరా అంతా మార్చి పంపితే, ఈ ఏడు కొత్తవాళ్ళవి వేయడం లేదని కట్ట తిరిగొచ్చింది.

దిగాలుగా పడుకున్న భార్యను చూసి జయరామయ్య అన్నాడు. “బెజవాడే ఎందుకు? గూడూరులో మన బాషా లేడా? పెండ్లి పత్రికలు వేసేవాడు పుస్తకం వేయలేడా?”

అమీర్ బాషా ప్రెస్సు గూడూరు బజారులో ఒక పొడవాటి కొట్టు. ముందు గదిలో సీసం అక్షరాలు వేసుకునే గళ్ళు, కాలితో తొక్కే ట్రెడిల్ మిషను. వెనక గదిలో ఆయన భార్య బడేబీ కాగితాలు మడిచి కుట్టేది. పెండ్లి పత్రికలు, సినిమా కరపత్రాలు, నిమ్మకాయల మండీల రసీదులు తప్ప వేరే పని వచ్చేది కాదు. జయరామయ్య ఇచ్చిన కట్ట బాషా ఇంటికి తీసుకుపోయి చదివాడు. మళ్ళీ కనిపించినప్పుడు, “రాసిన అక్కను రమ్మనండి. చచ్చేలోగా నా ప్రెస్సులో ఒక్క పుస్తకమన్నా పుట్టాలి గదా” అన్నాడు.

అరవై రెండు ఎండాకాలంలో పని మొదలైంది. వడ్లు అమ్మినప్పుడు జయరామయ్య కాగితం కొనిపెట్టాడు. బాషా దగ్గర కొన్ని పేజీలకు సరిపడా అక్షరాలే ఉండేవి. అవి కూర్చి, అచ్చు తీసి, విడగొట్టి మళ్ళీ గళ్ళలో వేసుకుంటే తప్ప తర్వాతి పేజీలు సాగేవి కావు. మొదటి వారమే ఆయన తల గోక్కుంటూ వచ్చాడు.

“అక్కా, ఒక మాట. మకారం ఒత్తులు చాలడం లేదు. పుస్తకం నిండా అమ్మ, అత్తమ్మ, మంగమ్మ. అమ్మను తీసెయ్యమని చెప్పలేను. ఆ మంగమ్మను కాస్త...”

ఆదిశేషమ్మకు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. ఆ విధంగా మంగమ్మ మంగ అయింది.

బస్సెక్కి గూడూరు పోవడం, ప్రూఫులు దిద్దడం, సాయంత్రానికి ఇల్లు చేరడం అలవాటైంది. ముద్ర పడి వచ్చిన మొదటి ఫారం కాగితాన్ని చేతిలోకి తీసుకొని ఆమె తడి సిరా వాసనను మళ్ళీ మళ్ళీ పీల్చింది. ఆ సంతోషం వెంటే భయం కూడా పెరుగుతూ వచ్చింది. చాప కింద ఉన్నన్నాళ్ళూ అది తన కథ. అచ్చయితే ఎవరైనా చదువుతారు. చెంచమ్మకు చదువు రాదు. అయినా చదివి చెప్పేవాళ్ళకు కొదవేముంది? సద్దుమణిగిన మాటలన్నీ మళ్ళీ లేస్తే? ‘ఇంట్లో ఉండి నన్ను బజారున పెట్టినావే’ అంటే? పుస్తకం ఆపించేద్దామా అని బస్సులో అనుకునేది. ప్రెస్సులో అడుగుపెట్టగానే మళ్ళీ పెన్సిలు తీసుకొని దిద్దడానికి కూర్చునేది.

ఒకరోజు చెంచమ్మ తానే తయారైంది. “నిమ్మకాయలు మార్కెట్టుకు పంపించా. నేనూ వస్తా పద మే. ఆ పుస్తకం ఎట్టా పుడతాదో చూస్తా.”

వద్దనడానికి కారణం దొరకలేదు. ప్రెస్సుకు చేరాక చెంచమ్మ మిషను చుట్టూ ఒకసారి తిరిగి చూసి, వెనక గదిలో బడేబీ దగ్గర కూర్చుంది. ఆదిశేషమ్మ ముందు గదిలో ప్రూఫు ముందేసుకుంది. కాసేపటికి చెంచమ్మ గొంతు వినిపించింది.

“ఉత్తగా మడిచే బదులు కొంచెం చదివి వినిపించరాదా బడేబీ? మా పిల్ల ఏం రాసిందో.”

“దానికేమక్కా, నాకూ చదవాలనే ఉండాది” అంటూ బడేబీ మొదలుపెట్టింది. ఎవరి కథో ఆమెకు తెలియదు.

ఆదిశేషమ్మ పెన్సిలు ఆగిపోయింది. బడేబీ ఒక్కో వాక్యం కూడబలుక్కుంటూ చదువుతోంది. చెంచమ్మ కథ వినేవాళ్ళందరిలాగే ఊఁ కొడుతోంది. మంగ పెళ్ళయింది. ఊఁ. అత్తింటికి పోయింది. ఊఁ. మొగుడు మొదటిసారి కొట్టాడు.

ఊఁ వినపడలేదు.

బడేబీ చదువుకుంటూ పోయింది. మంగ బిందె గట్టు మీద పెట్టింది. పడవ ఎక్కింది. నీళ్ళలో తన నీడ చూసుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ ఏడుపు గురించి ఆదిశేషమ్మ మూడు పేజీలు రాసింది. అప్పట్లో అది తన నవలలో అన్నిటికంటే మంచి భాగమని ఆమె నమ్మకం. ఇప్పుడు ఆ మూడు పేజీలు ఎంతకీ తెమలడం లేదు. బాషాకు ఆమె ముఖం చూసి ఏదో అనుమానం వచ్చినట్టుంది, మిషను తొక్కడం ఆపేశాడు.

చేతిలో ఉన్న కాగితాలు చదవడం అయిపోయింది. చెంచమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఆ మంగ నేనే గదా?”

ఆదిశేషమ్మ లేచి నిలబడింది. తల ఊపింది.

“నన్నొక మాట అడగకపోతివే?”

“భయమేసింది వదినా. వద్దంటే ఇప్పుడే ఆపించేస్తా. అచ్చయినవన్నీ తగలబెట్టేస్తా.”

“ఎందుకు తగలబెట్టడం? అంత కష్టపడి రాసి?” చెంచమ్మ వచ్చి బల్ల అంచున కూర్చుంది. “ఆఖరున ఏమవుద్ది? అది చెప్పు.”

ఆదిశేషమ్మ నేల చూపులు చూస్తూ చెప్పింది. మొగుడు బుద్ధి తెచ్చుకొని వస్తాడు. కన్నీళ్ళు పెట్టుకుంటాడు. మంగ మనసు కరిగి అతనితో కాపరానికి పోతుంది.

“పోతుందా?” చెంచమ్మ గొంతు పెద్దదయింది. మార్కెట్టులో వినపడే గొంతు. “నేను పోలా గదా మే! అందరూ చెప్పినా పోలా. నువ్వు రాసి పంపిస్తావా నన్ను?”

“బెజవాడ ఆయన అట్టా మార్చమన్నాడు వదినా. ఆడవాళ్ళు చదివే పుస్తకం, అట్టా ఉంటేనే బాగుంటాదని...”

“ఆయనకేం పోయింది? ఆయన చేసినాడా ఆ మొగుడితో కాపరం?”

బాషా నవ్వు ఆపుకోలేక గళ్ళ వైపు తిరిగాడు. ఆదిశేషమ్మకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ గుండెల మీద ఉన్న బండ ఎవరో పట్టుకొని పక్కకు దొర్లించినట్టయింది. వదినకు కోపం వచ్చిన మాట నిజమే. ఆమె భయపడిన కోపం మాత్రం అది కాదు.

“నా పేరు పెట్టలేదు గదా, రాసుకో” అంది చెంచమ్మ, గొంతు తగ్గించి. “ఊరోళ్ళు అనేదంతా ఎప్పుడో అనేసినారు. కొత్తగా అనడానికి వాళ్ళకాడ ఏముంది? కానీ నన్ను మళ్ళీ ఆ గడప తొక్కించొద్దు.”

“ఆఖరి ప్రకరణం కూర్చేసినానక్కా” అన్నాడు బాషా. “అచ్చు మాత్రం తీయలేదు.”

“అయితే?” అంది చెంచమ్మ.

“విడగొట్టేస్తే సరి. అక్షరాలు యాడికి పోతాయి?” అంటూ ఆయన అప్పటికప్పుడే, కూర్చిన అక్షరాల చుట్టూ కట్టిన దారం విప్పి, భర్త కన్నీళ్ళనూ మంగ బండెక్కడాన్నీ ఒక్కో అక్షరంగా గళ్ళలోకి తిరిగి వేశాడు. చెంచమ్మ పక్కన నిలబడి అది పూర్తయ్యేదాకా చూసింది.

కొత్తది రాయడం అంత సులువు కాలేదు. మొదట రాసిన అసలు ముగింపు ఉంది, కానీ ఇప్పుడు చూస్తే అదీ తేలిపోయినట్టుగా అనిపించింది. ఆదిశేషమ్మ నిమ్మతోటకు వెళ్ళి, పాదులు తీయిస్తున్న వదినను అడిగింది. ఇదివరకు ఎన్నడూ అడగని ప్రశ్న.

“వదినా, ఆ పొద్దు పడవలో ఏమనుకుంటా ఉండావు?”

“ఏమనుకుంటా? ముందురోజు రాత్రి అన్నం పెట్టలా నాకు. పడవాయన సద్దిమూట ఇప్పుతా ఉండాడు. నాకూ ఒక ముద్ద పెడతాడా పెట్టడా అని చూస్తా ఉండా.”

“ఏడవలేదా?”

“ఆకలి మీద ఏడుపు యాడ వస్తాది? పెట్టినాడులే పాపం. ఊరగాయ కూడా ఏసినాడు. నువ్వేమో మూడు కాగితాలు ఏడిపించినావు.”

ఆ మూడు పేజీలు అప్పటికే అచ్చయి, మడతపడి, బడేబీ గదిలో దొంతరగా ఉన్నాయి. వాటిని మార్చే వీలు లేదు. రెండు రోజులు ఆదిశేషమ్మ దాని గురించే మథనపడింది. చివరికి దారి దొరికింది. ఆఖరి ప్రకరణంలో నడివయసు వచ్చిన మంగ తన మేనకోడలితో మాట్లాడుతుంది. ‘ఆ రోజు పడవలో నేను ఏడ్చానని అందరూ చెప్పుకుంటారు. ఏడవలేదమ్మా, ఆకలేసింది’ అంటుంది. పడవవాడు పెట్టిన సద్దన్నం గురించి చెబుతుంది. అక్కడితో నవల అయిపోతుంది. ఆ నాలుగు పేజీలు ఆదిశేషమ్మ ఒక్క మధ్యాహ్నంలో రాసింది. ఎవరో లేచిన అలికిడైంది. కాగితాలు దాచలేదు.

పుస్తకాలు వానాకాలం మొదట్లో బండి మీద ఇంటికి వచ్చాయి. పై ప్రతి తీసి నడిమికి తెరవగానే ఆమె కంటపడింది ఒక అచ్చుతప్పు. ‘మామగారు కళ్ళు తుడుచుకున్నాడు’ అని ఉండాల్సిన చోట ‘కాళ్ళు తుడుచుకున్నాడు’ అని పడింది. రెండుసార్లు తానే దిద్దిన పేజీ అది. ఒక్క నిమిషం ప్రాణం ఉసూరుమంది. ఆ తర్వాత, కాళ్ళయినా తుడుచుకున్నాడు కదా అనుకొని నవ్వేసింది.

ఆ పుస్తకం ఆమెను గొప్పదాన్నేమీ చేయలేదు. గూడూరులో, నెల్లూరులో కొన్ని ప్రతులు అమ్ముడుపోయాయి. ఒక పత్రికలో నాలుగు వాక్యాల సమీక్ష వచ్చింది. ముగింపు అసంపూర్తిగా ఉందని అందులో రాశారు. ఊళ్ళో ఆడవాళ్ళు మాత్రం మధ్యాహ్నాలు ఆమె వసారాలో చేరి చదివించుకున్నారు. చెంచమ్మ పనులు చూసుకొని వచ్చి, ఎవరికీ తక్కువ కాకుండా ఊఁ కొడుతూ కూర్చునేది. ఎవరో ఒకామె కాస్త వెటకారంగానే, “ఇది నీ కథేనంట గదా చెంచమ్మా?” అంటే, “అవును. ఆఖరుదాకా విన్నావా?” అని తిరిగి అడిగింది.

ఆదిశేషమ్మ ఆ తర్వాత మరో రెండు నవలలు రాసింది. రెండూ బాషా ప్రెస్సులోనే అచ్చయ్యాయి. మకారం ఒత్తులు మద్రాసు నుంచి దండిగా తెప్పించానని ఆయన ముందే కబురు పెట్టాడు.

జయరామయ్య మొదటి పుస్తకాన్ని చదవడం మొదలుపెట్టి, రోజుకు పేజీ, రెండు పేజీల చొప్పున, వరి కోతల కాలానికి పూర్తి చేశాడు. ఆ రోజు కళ్ళంలో నూర్పిడి చూసుకొని వచ్చి, కాళ్ళు కడుక్కొని, వడ్డిస్తున్న భార్యతో మెల్లగా అన్నాడు. “అక్కకు ఆ పొద్దు ఆకలేసిందని నాకెప్పుడూ చెప్పలా.”

పక్కన కూర్చున్న చెంచమ్మ విన్నది. “నువ్వు అడగలా గదరా” అని, తన విస్తట్లోకి ఇంకొంచెం అన్నం వేయించుకుంది.