డబ్బా మానిటరు, పలక మానిటరు, మా ఆయన బస్సు

మా ఆయన కంప్యూటరులో కారు పందెం ఆడితే ఎప్పుడూ ఆఖరునే వచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళు నంద్యాలకూ ఆళ్ళగడ్డకూ మధ్య బస్సు నడిపిన మనిషి. ఎడమ పక్కన పోవడం, మలుపులో హారన్ కొట్టడం, వెనక తొందరపడే బండికి దారి ఇవ్వడం తప్ప ఆయనకు వేరే పద్ధతి రాదు. పందెంలో మిగతా కార్లు దుమ్ము లేపుకుంటూ వస్తే ఈయన తన కారును మర్యాదగా పక్కకు తీసేవాడు.

"తాతా, ఇది పందెం. వాళ్ళను గుద్దుకుంటా పో," అనేది మనవరాలు.

"గుద్దేదేంది పాపా? నేను ఇన్నేండ్లలో కోడిపిల్లను గూడా తొక్కలా."

"మళ్ళా ఆఖర్న వచ్చినావు."

"వచ్చినా గదా. బండికి గీత పడకుండా వచ్చినా."

వినేవాళ్ళకు నవ్వొచ్చే మాటలే. నేను మాత్రం నవ్వకుండా వినేదాన్ని. ఆయన నోట అన్ని మాటలు విని చాలా కాలమైంది మరి.

తొంభైలు ముగిసే ముందు, రిటైరు కావడానికి ఇంకా మూడేళ్ళు ఉన్నాయనగా, ఆయన కంటి పరీక్షలో తప్పాడు. స్టీరింగు దగ్గర నుంచి దింపి డిపో గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. వచ్చే పోయే బస్సుల నెంబర్లు రాసుకునే పని. జీతానికి లోటు రాలేదు గానీ, ఇంటికి వచ్చి గోడవైపు తిరిగి పడుకునేవాడు. తర్వాత రెండు కళ్ళకూ శుక్లాల ఆపరేషన్ అయింది. చూపు వచ్చింది, స్టీరింగు రాలేదు. రిటైరయ్యాక ఏమి అడిగినా "ఊ", లేకపోతే "ఊహూ".

మా కొడుకు ఆళ్ళగడ్డలో మా ఇంట్లోనే పెళ్ళిపత్రికలు కంప్యూటరులో తయారుచేసి ప్రెస్సుకు ఇచ్చేవాడు. ఆ రోజుల్లో కంప్యూటరుకు ఇంటి అల్లుడికి జరిగినంత మర్యాద జరిగేది. చెప్పులు బయట విడవాలి, పని అయిపోగానే పూలు కుట్టిన గుడ్డ కప్పాలి. వాడికి పని లేనప్పుడు మనవరాలు దానిలో కారు పందెం ఆడేది. ఒకరోజు తాతను పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, నడుము సర్దుకున్నాడు, లేని అద్దంలోకి తలెత్తి ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. ఆ చూపు నాకు తెలుసు.

అప్పటి నుంచి రోజుకు రెండు ట్రిప్పులు. పొద్దున ఒకటి, భోజనం అయ్యాక ఒకటి.

"మే, ఇట్రా. ఈ మలుపు సూడు, శిరివెళ్ళ మెట్ట కాడ ఉండాదే, అట్లనే ఉండాది," అని పిలిచేవాడు.

నేను పీట తెచ్చుకుని ఆయనకు ఎడమ పక్కన వేసుకుని, చెనక్కాయలు ఒలుచుకుంటూ చూసేదాన్ని. ఎడమ పక్కనే ఎందుకంటే, పెళ్ళయిన నాటి నుంచి ఆయన బస్సులో నా చోటు అదే. పాత బస్సుల్లో డ్రైవరు పక్కన ఇంజను మీద పెద్ద మూత ఉండేది, బానెట్ అనేవాళ్ళు. సీటు దొరకని ఆడవాళ్ళం దాని మీద కూర్చునేవాళ్ళం. కింద కాలుతుంది కాబట్టి గోనెసంచి మడిచి వేసుకునేదాన్ని. అక్కడి నుంచి రోడ్డు పక్కవాటుగా, కొంచెం కిందినుంచి కనపడుతుంది. "మెల్లగ పో, ఎద్దులొస్తాండాయి" అని నేను ఆయనకు చెప్పినవన్నీ అక్కడ కూర్చుని చెప్పినవే. బస్సు నడిపేటప్పుడు ఆయన నావైపు తల తిప్పిన పాపాన పోలేదు. బ్రేకు మాత్రం తొక్కేవాడు.

రెండు నెలలు బాగా జరిగింది. తర్వాత ఆయన కళ్ళల్లో నీళ్ళు కారడం మొదలైంది. పది నిమిషాలు ఆడితే చాలు, చెంపలు తడిసిపోయేవి. నాకు తెలిసిన వైద్యమంతా చేశాను. తలకు ఆముదం పెట్టాను. నెత్తిన తడిగుడ్డ వేశాను. ఆపరేషన్ నాడు ఆస్పత్రిలో ఇచ్చిన నల్లద్దాలు పెట్టె అడుగు నుంచి తీసి పెట్టించాను. నెత్తిన తడిగుడ్డ, కళ్ళకు నల్లద్దాలు, చెవుల పక్కన ఆముదం కారుతుండగా ఆయన బండి తీశాడు.

"పట్టపగలు లైట్లేసుకోవాల్సి వచ్చె," అని గొణుక్కున్నాడు. ఆ ట్రిప్పులోనే జీవితంలో మొదటిసారి బండిని గోడకు కొట్టాడు. దాంతో నా వైద్యం ముగిసింది.

కొడుకు తీర్పు చెప్పాడు.

"నాయనా, ఇదంతా ఈ డబ్బా మానిటరుతోనే. నా కండ్లు గూడా మండుతాండాయి. పలక మానిటరు కంటికి మంచిదంటాండారు. అది తెచ్చేదాకా నీకు ఆట బందు."

డబ్బా మానిటరంటే పాత టీవీలాగా వెనక పెద్ద బుర్ర పొడుచుకొచ్చినది. పలక మానిటరు అప్పుడప్పుడే మా వైపు వస్తోంది. బడిపిల్లల పలకలాగా పలచగా ఉంటుంది, ధర మాత్రం రెట్టింపు పైనే. బిందె కొన్నా చేత్తో ఎత్తి బరువు చూసి కొనేదాన్ని నేను. సగం కూడా లేని వస్తువుకు రెండింతలు పెట్టమంటే నాకు మింగుడుపడలేదు. మూడో తరగతితో ఆగిన చదువైనా ఆ మాత్రం లెక్క నాకు వచ్చు.

కానీ ఆట బందైన నాలుగో రోజుకు ఆయన మళ్ళీ గోడవైపు తిరిగాడు. "కూర ఎట్లుండాది?" అంటే "ఊ" అన్నాడు. ఆ రోజు కూరలో నేను ఉప్పు వేయడం మరిచిపోయి ఉన్నాను.

ఐదో రోజు పొద్దున్నే లేపాను.

"లెయ్యి. నంద్యాలకు పోదాం. పలకో డబ్బానో తేల్చుకోని వద్దాం."

పాతది తీసుకుని కొత్తది ఇచ్చే షాపు అక్కడ ఉందని కొడుకు చెప్పాడు. ఆషాఢం కాబట్టి పెళ్ళిళ్ళు లేవు, వాడికి మానిటరుతో పని లేదు. తోడు వస్తానన్నాడు, నేనే వద్దన్నాను. వాడికి సిగ్గెక్కువ, నన్ను బేరమాడనివ్వడు.

మానిటరును బొంతలో చుట్టి, బస్సెక్కి ఒళ్ళో పెట్టుకున్నాను. కండక్టరు మా ఆయనతో పనిచేసినవాడే.

"ఏందన్నా, వదిన ఒళ్ళో ఏముండాది?"

"మానిటరు."

"లగేజీ టికెట్టు కొట్టాల్నే మరి."

"నా ఒళ్ళో ఉండేదానికి టికెట్టేందప్పా?" అన్నాను నేను. "బిడ్డనెత్తుకోనుంటే టికెట్టు అడుగుతావా?"

"ఇంత తలకాయుండే బిడ్డను నేను యాడా సూళ్ళేదు వదినా."

బస్సంతా నవ్వింది. టికెట్టు మాత్రం కొట్టలేదు.

షాపాయన నెమ్మదైన మనిషి. ఆడించి చూడనిదే కొనేది లేదని చెప్పాను. పలక మానిటరు ఒకటి వెలిగించి, కారు పందెం పెట్టి, మా ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాడు. నాకు కూర్చోవడానికి ఒక అట్టపెట్టె వేశాడు. నేను దాన్ని ఎడమ పక్కకు లాక్కుని కూర్చున్నాను. బండి కదిలింది.

"మలుపు తిప్పితే స్తంభాలకు తోకలొస్తాండాయే," అన్నాడు మా ఆయన.

"కొత్త గదా పెద్దాయనా, అలవాటైతాది," అన్నాడు షాపాయన.

నాకు స్తంభాలూ లేవు, తోకలూ లేవు.

"ఆరిపాయెనే!" అన్నాను.

"యాడ ఆరిపాయ? ఎలుగుతానే ఉండాది."

"నల్లగుండాది నాకు."

"నీ కండ్లు గూడా పాయనా మే?"

లేచి నిలబడ్డాను. రోడ్డు, చెట్లు, ఆకాశం అన్నీ ఉన్నాయి. కూర్చున్నాను. మాడిన రొట్టెలాగా నల్లగా అయింది. మళ్ళీ లేచాను, మళ్ళీ కూర్చున్నాను. షాపాయన నవ్వు ఆపుకోలేకపోయాడు.

"పెద్దమ్మా, అది ఎదురుగ్గా కూచున్నోళ్ళకే సక్కగా కనపడ్తాది. పక్కనుంచి, కిందనుంచి చూస్తే అట్లనే. నడిపేది ఆయన గదా, నీకేం పని?"

ఆ మాటకు మా ఆయన చేతులు వదిలేసి తల తిప్పాడు. ముప్ఫై ఏళ్ళలో తిప్పని తల.

"ఆమెకు కనపడకపోతే, ఎద్దులొస్తాండాయని నాకు ఎవురు చెప్తారప్పా?"

ఆ పందెంలో ఎద్దులు లేవు. ఈయన అటు తిరిగి మాట్లాడుతుండగా ఆ బండి పోయి కంచెకు కొట్టుకుంది.

పలక కొంటే ఆయన కళ్ళు బాగుంటాయి, నాకు చీకటి. డబ్బానే ఉంచితే ఆట బందు, ఆయనకు మళ్ళీ గోడ. నాకు ఆలోచించేంత పని పడలేదు.

"తీసుకుందాం. నేను నీ యెనక నిలబడ్తాలే," అన్నాను.

"ఆ మోకాళ్ళతోనా?"

నేను అప్పటికే షాపంతా చూస్తున్నాను. హోటల్లోకి పోయినా యజమాని తన ఇస్తర్లో ఏం వడ్డించుకున్నాడో చూడనిదే నేను టిఫిన్ చెప్పను. ఇక్కడ కూడా కళ్ళు యజమాని బల్ల మీదికి పోయాయి. ఆయన కూర్చునే చోట ఉన్నది డబ్బా మానిటరు. మాదాని కన్నా పెద్ద బుర్రది.

"ఏమప్పా, నీ కాడ పలక లేదే?"

"నాది పాతది పెద్దమ్మా."

"పాతదైతే నీ కండ్లల్లో నీళ్ళు కారవే? పొద్దస్తమానం దాని ముందరే గదా కూచుంటావు."

షాపాయన తల గోక్కున్నాడు. పలక మానిటరు వైపు చూశాడు, నా వైపు చూశాడు. మంచివాడే, చెప్పేశాడు.

"డబ్బా మానిటరు ఆరతా ఎలగతా ఉంటాది పెద్దమ్మా, సెకండుకు అరవై తూర్లు. మనకు తెలీదు గానీ కండ్లు అలిసిపోతాయి. నేను దాన్ని ఎనభై ఐదుకు పెట్టుకున్నా. అప్పుడు నిలకడగా ఉంటాది."

"దానికెంత తీసుకుంటావు?"

"తీసుకునేదేముంది? కంప్యూటరు లోపల సెట్టింగు మార్చేదే."

"మరి ముందే చెప్పకపోతివే?"

"పలక గావాలనే గదా మీరొస్తిరి."

బొంత విప్పి మా మానిటరునే తన కంప్యూటరుకు తగిలించి అరవైకి పెట్టాడు, తర్వాత ఎనభై ఐదుకు పెట్టాడు. చూస్తూ ఉన్న నాకే తేడా తెలిసింది. వోల్టేజి చాలని ట్యూబులైటు ఒక్కసారిగా కుదురుకున్నట్టుంది. మా ఆయన చాలాసేపు ఆడాడు. నేను కొంగుతో ఆయన కళ్ళు ఒత్తి చూశాను. పొడిగా ఉన్నాయి. అట్టపెట్టె మీద కూర్చుని చూశాను. రోడ్డంతా కనపడింది.

ఎలా మార్చాలో కాగితం మీద తెలుగులో, అంకెలు పెద్దవిగా రాయించుకున్నాను. ఊరికే రావడం బాగుండదని తెర తుడిచే గుడ్డ ఒకటి కొన్నాను, అదీ బేరమాడే.

తిరుగు బస్సులో అదే కండక్టరు.

"ఏం వదినా, మార్చుకోలేదా?"

"బిడ్డను మార్చుకుంటారా ఎవురన్నా?"

కొడుకు ఆ కాగితం చదివి నాలుగుసార్లు నొక్కాడు. తెర ఒకసారి నల్లబడి, కుదురుగా వెలిగింది.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతేనా అంట! మీ నాయనను నాలుగు దినాల్లో గోడకు తిప్పి పడేస్తివి," అన్నాను. వాడు పూల గుడ్డ మడత పెట్టుకుంటూ తల వంచుకున్నాడు.

మరునాడు పొద్దున ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు, నడుము సర్దుకున్నాడు, లేని అద్దంలోకి చూసుకున్నాడు. నేను పీట వేసుకుని కూర్చున్నాను. బండి కదలలేదు.

"ఏందీ, పోనియ్యి."

"రైట్ అను మే."

"రైట్," అన్నాను.

బండి కదిలింది. మొదటి మలుపులో హారన్ కొట్టాడు. వెనక నుంచి ఎర్ర కారు ఒకటి తొందరపడుతూ వస్తే దారి ఇచ్చాడు, తర్వాత ఇంకోదానికి, తర్వాత మిగతావాటికి. అందరికన్నా ఆఖరున చేరుకున్నాం. నేను దిగి, పొయ్యి మీద పప్పు చూసుకోవడానికి పోయాను.