పెళ్ళిచూపుల్లో మురుగునీటి పాఠం

పెళ్ళిచూపుల్లో కాఫీ ఒలకబోసుకున్నవాళ్ళను, చెల్లెల్ని చూసి పెళ్ళికూతురనుకున్నవాళ్ళను మీరు చూసే ఉంటారు. వాళ్ళంతా నా ముందు దిగదుడుపే. నేను చేపముక్క చేత్తో పట్టుకుని రెండు కుటుంబాల ఆకలిని ఒక్క దెబ్బకు చంపినవాణ్ణి. ఎలాగో చెబుతాను. మీరు మాత్రం భోంచేసి వచ్చి చదవండి.

అప్పుడు నేను కలకత్తాలో మురుగునీటి శుద్ధి కేంద్రంలో కొత్త ఇంజనీరుని. ఉద్యోగమంటే ఎంత మోజంటే, మురుగుకాలువ కనిపిస్తే గంగమ్మను చూసినట్టు నిలబడిపోయేవాణ్ణి. భవానీపూర్‌లో మా ఇంట్లో అమ్మకు మురుగన్న మాట పలకడమే నామోషీ. సంబంధాలవాళ్ళకు "మావాడు నీళ్ళ శాఖలో ఆఫీసరు" అని చెప్పేది.

ఆ మాట నమ్మి, నది అవతల హౌరా పక్కనున్న టికియాపారా నుంచి రైల్వే ఉద్యోగి సింహాచలం గారు, వాళ్ళమ్మాయి గౌరిని చూసుకోమని మమ్మల్ని పిలిచారు. ఉప్మాతో సరిపెట్టకుండా భోజనమే పెట్టారు. అందరం ఒకే పంక్తిలో కూర్చున్నాం, గౌరితో సహా. చేపల పులుసు మొదటి ముద్దకే నేను సగం పెళ్ళికి ఒప్పేసుకున్నాను.

"సేప ఎలాగుంది బాబూ?" అన్నారు సింహాచలం గారు.

"అమృతంలా ఉందండీ. ఎక్కడిది?"

"ఊరికి తూరుపేపు భేరీలని సేపల సెరువుల్లేవా, ఆటిలోది. పొద్దున్నే బతికున్నదాన్ని తెచ్చినాను."

భేరీ మాట వినగానే నాలోని ఇంజనీరుకు పూనకం వచ్చింది.

"అయితే ఇది మా ఆఫీసు చేపేనండీ" అన్నాను.

"మీ ఆఫీసోళ్ళు సేపలు కూడా పెంచుతారేటి?"

"మేత మాదండీ. ఊళ్ళో మురుగునీళ్ళు ఆ చెరువుల్లోకే వెళతాయి."

ఆయన చెయ్యి కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది. బాగా చెబుతున్నానని మెచ్చుకుంటోంది కాబోలనుకున్నాను.

"మురుగంటే ఏటి బాబూ, వాన నీళ్ళా?" దింపుడుకళ్ళం ఆశతో అడిగింది గౌరి తల్లి.

"అన్నీ అండీ. వంటింటివి, స్నానాలగదివి, ఆ పక్కగదివి కూడా. వాటిలో నత్రజని, భాస్వరం మెండు. అలాగే సముద్రంలోకి వదిలితే నాచు విపరీతంగా పెరిగి కుళ్ళిపోతుంది, అక్కడి చేపలకు ఊపిరాడదు. అదే ఈ చెరువుల్లో నిలబెడితే ఎండకు నీళ్ళు బాగుపడతాయి. నాచును చేప తింటుంది, చేపను..."

"మనం" అని గౌరి పూర్తి చేసింది.

మా పంక్తిలోనే కూర్చున్న, సంబంధం తెచ్చిన పెద్దాయన, హౌరాలో ఎక్కాల్సిన బండి కదిలిపోతున్నట్టు కుళాయి దగ్గరికి పరుగెత్తాడు.

"భయం లేదండీ, బాగా ఉడికించారు కదా" అని ధైర్యం చెప్పాను. ఆ ధైర్యంతో గౌరి తల్లి కూడా లేచి వెళ్ళిపోయింది.

సింహాచలం గారు అమ్మవైపు తిరిగారు. "నీళ్ళ శాఖ అన్నారు గదమ్మా?"

"మురుగూ నీళ్ళే కదా అన్నయ్యగారూ" అంది అమ్మ, తలెత్తకుండా.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఊరి మురుగంతా మోసుకొచ్చి వాళ్ళ కంచాల్లో పోసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలితే కింద మా గొట్టాలే ఉంటాయని గుర్తొచ్చి మానుకున్నాను.

అప్పుడు గౌరి అంది: "సిన్నప్పటినుంచీ ఇవే తింటన్నాం గదా నాన్నా, ఏటయింది మనకి? ఆ తలకాయ ఇలాగియ్యి."

అందరూ చూస్తుండగా తలకాయను తీరిగ్గా, చప్పుడు చేస్తూ తింది. మిగతా సగం పెళ్ళికీ అక్కడే ఒప్పేసుకున్నాను. అయితే నన్నెవరడిగారు?

తిరుగుదారిలో పడవలో రేవు దాటుతుంటే అమ్మ హుగ్లీ నది వైపు చూపించి, "ఇదీ మీ ఆఫీసుదేనా?" అంది.

సాయంత్రం సింహాచలం గారు ఫోన్ చేశారు.

"మా పిల్ల ఒప్పుకుంది బాబూ. తమరెళ్ళిన కాడినుంచి నవ్వాపుకోలేకపోతంది. ఒక్క షరతు పెట్టింది."

"చెప్పండి."

"పెళ్ళి భోజనాల్లో తమరు నోరు తినడానికే తెరవాలట."

కాబట్టి మా శుద్ధి కేంద్రంలో రాత్రింబవళ్ళు పాటుపడే కోటానుకోట్ల సూక్ష్మజీవుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎవరి పంక్తిలో కూర్చున్నా, ఏ చేప వడ్డించినా, దాని పుట్టుపూర్వోత్తరాలు నేను ఎత్తను.