పువ్వులు వేసే చోట

మలేషియాలో హుటాన్ మెలింటాంగ్ దిగువన, సముద్రం దగ్గరి జెట్టీలో పడవ ఇంజన్లు బాగుచేసే మామ, స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకూ పిడి చెవికీ ఆనించి కళ్ళు మూసుకునేవాడు. రోగం తెలిశాకే తెరిచేవాడు.

ఆ ఉదయం మా నాన్న ఇంజను జోరులో బాగానే పలికింది, నెమ్మదిస్తే ఉక్కిరిబిక్కిరైంది.

"కార్బరేటర్లో సన్న బెజ్జం మూసుకుపోయినాది బావా. గంట ఆగు, కడిగేస్తాను," అన్నాడు మామ.

"అంతలో ఆటుకి నీళ్ళు తీసేస్తాయి లా," అన్నాడు నాన్న మలయ్ యాసలో.

"అయితే ఏరు సముద్రంలో కలిసేకాడ గంగమ్మకి పువ్వులెయ్యడానికి స్పీడు తగ్గించకు. ఆ కెరటాల్లో ఆగిపోతాది."

"పువ్వులెయ్యకుండా ఎప్పుడు దాటినాను?"

నాన్న బయల్దేరాడు. మామ స్క్రూడ్రైవర్ పట్టుకుని జెట్టీ చివర కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. దూరంగా, పువ్వులు వేసే చోట, ఇంజను శబ్దం నెమ్మదించింది, దగ్గింది, ఆగింది. మళ్ళీ మొదలవుతుందని చెవులు రిక్కించాను.

మామ చాలాసేపు కళ్ళు తెరవలేదు.