నాయిఫ్ బావ చెప్పిన అబద్ధం

మా నాయిఫ్ బావ ఒకచోట కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. భోజనానికి కూర్చుంటాడు, రొట్టె తుంచి పప్పులో అద్దుకుంటాడు, అది నోట్లో ఉండగానే లేచి కిటికీ దగ్గరికి వెళ్తాడు. పెళ్ళి విందుకు వెళ్తే గుమ్మం పక్కన నిలబడే తినేసి వస్తాడు. "నీ కుర్చీలో ఎవరైనా ముళ్ళు పరిచారా?" అని మా అక్క ఖితాం విసుక్కుంటూ ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఇంతలా ఉండేవాడు కాడట. ఆ మాట అక్కే అంటుంది.

బావకు సొంత పొక్లెయిన్ ఉంది. జెరూసలేం తూర్పు కొసన మా సుమ్మాఖ్ వాడ ఉన్న కొండవాలు మీద సగం ఇళ్ళకు పునాదులు తవ్వింది అతనే. వాటిలో దాదాపు దేనికీ పర్మిషన్ లేదు. అడగక కాదు. అడిగి, ప్లాన్లు గీయించి, ఏళ్ళ తరబడి తిరిగి, విసిగిపోయి కట్టుకున్నవే. పిల్లలు పెద్దవాళ్ళవుతారు, కోడళ్ళు వస్తారు, ఒక గది కావాలి కదా. ఎదుటి కొండ మీద యూదుల కాలనీలో మాత్రం పొద్దస్తమానం క్రేన్లు తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది.

నగర అధికారుల నోటీసు వస్తే అందులో రెండు దారులే ఉంటాయి. గడువులోగా మీ ఇల్లు మీరే కూల్చుకోవాలి. లేదంటే మేం వస్తాం, మా యంత్రాలకూ మా పోలీసులకూ అయిన ఖర్చంతా మీరే కట్టాలి.

అబూ రాసిం అనే ముసలాయనకు మొదట అలాంటి నోటీసు వచ్చింది. ఆయన కర్ర ఊతంతో మా అక్క వాళ్ళ వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు.

"నాయిఫ్, రేపు బండి తీసుకురా నాన్నా."

"ఏం తవ్వాలి, పెదనాన్నా?"

"తవ్వడం కాదు. మా ఇల్లు పడగొట్టాలి."

బావ చేతిలో ఉన్న టీ గ్లాసు గట్టు మీద పెట్టేశాడు. "నేను పునాది తవ్విన ఇల్లు అది. నా చేత్తో ఎట్లా పడగొడతాను? వేరే ఎవరినైనా చూసుకో."

"వేరే వాళ్ళొస్తే మీ పెద్దమ్మ గిన్నెలు తీసుకునేదాకా ఆగరు. నువ్వైతే ఆగుతావు. పక్కింటి గోడకు దెబ్బ తగలకుండా చేస్తావు. తలుపులు, కిటికీలు, నీళ్ళ ట్యాంకు మిగులుతాయి. నన్ను ఇంకా బతిమాలించకు" అన్నాడు.

మర్నాడు బావ వెళ్ళాడు. పెద్దమ్మ అన్నీ బయటికి తెచ్చుకునేదాకా ఇంజను ఆపి కూర్చున్నాడు. ఆవిడ ఆఖరికి గోడకున్న మేకులు కూడా పీకి తెచ్చుకుంది. పని అయ్యాక డబ్బు తీసుకోలేదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, తువ్వాలు కోసం వెతుకుతూ తువ్వాలు ముందే నిలబడ్డాడు.

అప్పటినుంచి ఎవరికి నోటీసొచ్చినా బావ దగ్గరికే రావడం మొదలైంది. నాయిఫ్ అయితే మెత్తగా పడగొడతాడని పేరొచ్చింది. ఇంతకంటే పాడు పేరు మనిషికి ఇంకేం ఉంటుంది? రొట్టెల కొట్టు ముందు నిలబడితే, "జరగండ్రా, నాయిఫొచ్చాడు, గోడకు ఆనుకోకండి!" అని కొట్టువాడు కేకేసేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, బావ కూడా నవ్వేవాడు. తర్వాత నువ్వుల రొట్టె అక్కడే మరిచిపోయి వచ్చేసేవాడు. కొందరు ఆడవాళ్ళు అతని బండి చప్పుడు వింటే పిల్లల్ని లోపలికి పిలిచేవాళ్ళు.

ఆ రోజుల్లోనే లాయరు యార్దెనా మా వాడకు రావడం మొదలుపెట్టింది. అరవై దాటిన యూదు మనిషి, పశ్చిమ జెరూసలేంలో ఉంటుంది. తల్లిదండ్రులు బాగ్దాద్ నుంచి వచ్చినవాళ్ళు కనుక అరబ్బీ ఆ యాసలో మాట్లాడేది. ఆ యాస వినగానే మా ముసలాళ్ళకు ముచ్చటేసేది, కుర్రాళ్ళకు అనుమానం వచ్చేది. ఫీజు లేకుండా ఇళ్ళ కేసులు వాదిస్తుంది. ఆ పనికి ఆమె అపార్ట్‌మెంటులో వాళ్ళు ఆమెతో పలకడం మానేశారని తర్వాత తెలిసింది.

ఆమె ఒకరోజు బావను దారిలోనే ఆపేసింది.

"నువ్వేనా నాయిఫ్? నా కేసులు నువ్వే మింగేస్తున్నావయ్యా."

"నేనేం మింగాను?"

"ఇల్లు నిలబడి ఉంటే నేను కోర్టులో ఏదో ఒకటి వాదిస్తాను. నువ్వు చదును చేసేశాక జడ్జి ఫైలు మూసేస్తాడు. కూల్చిందెవరు? యజమానే. ఫిర్యాదు ఎవరి మీద? ఎవరి మీదా లేదు. వాళ్ళకు కావలసింది అదే."

బావకు కోపమొచ్చింది. "నువ్వు వాదిస్తావు, ఓడిపోతావు. తర్వాత పోలీసులు వచ్చి పడగొట్టి, లెక్క వేసి పోతారు. అది కట్టేదెవరు, నువ్వా? సాయంత్రానికి మీ ఇంటికి పోయి కాఫీ తాగుతావు."

"తాగుతాను" అంది యార్దెనా. "పర్మిషన్ లేకుండా అద్దాలు బిగించుకున్న బాల్కనీలో కూర్చుని తాగుతాను. ఇన్నేళ్ళయింది, ఒక్కడూ వచ్చి అడగలేదు. అందుకే ఇక్కడికి వస్తున్నాను."

బావ వెళ్ళిపోయాడు. కానీ ఆ మాట అతన్ని వదల్లేదు. నేను సిటీ బస్సు నడుపుతాను. డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే నన్ను పట్టుకుని, "లుత్ఫీ, ఆమె అన్నది నిజమేనంటావా? వాళ్ళ పని నేను చేసిపెడుతున్నానంటావా?" అని అడిగేవాడు. నేను ఏం చెప్పినా సగంలోనే తల తిప్పుకునేవాడు.

తర్వాత హనాదీకి నోటీసు వచ్చింది. హనాదీ బళ్ళో అరబ్బీ పంతులమ్మ. భర్త పోయాడు, ముగ్గురు పిల్లలు. ఆ భర్త మా బావకు ప్రాణ స్నేహితుడు. పాత ఇంటిని ఆనుకుని వాళ్ళు కట్టుకున్న రెండు గదులు కూల్చాలని ఆ నోటీసు. యార్దెనా స్టే కోసం కోర్టులో పిటిషన్ వేసింది. విచారణ గురువారం, కూల్చుకోవడానికి గడువు మంగళవారం. బుధవారం ఏ క్షణాన్నైనా వాళ్ళు రావచ్చు.

హనాదీ మరిది జవ్దత్ ఆదివారం బావను పిలిపించాడు. నేనూ వెంట వెళ్ళాను.

"మంగళవారం పొద్దున్నే కానిచ్చేయ్" అన్నాడు జవ్దత్. "కోర్టులూ గీర్టులూ మనకెందుకు? వాళ్ళ కోర్టులో వాళ్ళ లాయరు వాళ్ళ జడ్జి ముందు మాట్లాడితే మనకు ఒరిగేదేముంది?"

"నువ్వేమంటావు, చెల్లెమ్మా?" అని బావ హనాదీని అడిగాడు.

ఆమె పిల్లల బట్టలు మడతపెడుతోంది. తలెత్తలేదు. "నేను ఒక్క జీతం మీద బతుకుతున్నాను అన్నా. వాళ్ళు కూలిస్తే ఆ ఖర్చు కట్టడానికి ఉన్న ఇల్లు కూడా అమ్ముకోవాలి. పడగొట్టేయ్."

"గురువారం దాకా చూస్తే..."

"పడగొట్టేయమన్నాను కదా."

సోమవారం సాయంత్రం నేను వెళ్ళేసరికి బావ పొక్లెయిన్ కింద దూరి ఉన్నాడు. నూనె గొట్టం ఒకటి విప్పి బయటికి లాగాడు. నల్లటి నూనె మట్టిలో పారుతోంది. ఆ గొట్టాన్ని గోనెసంచిలో చుట్టి నా చేతికిచ్చాడు.

"ఇది మీ ఇంట్లో దాచు."

"ఏంటి బావా ఇది?"

"బండి చెడిపోయింది. సామాను దొరకడానికి నాలుగు రోజులు పడుతుంది. ఎవరడిగినా ఇదే చెప్పు."

"హనాదీకి చెప్పావా?"

"చెప్తే ఇంకో బండి పిలిపిస్తుంది."

"ఒకవేళ బుధవారం వాళ్ళొస్తే?"

బావ నూనె చేతులు ప్యాంటుకు తుడుచుకుని లోపలికి పోయాడు. ఆ సంచి పట్టుకుని ఇంటికి వెళ్తుంటే ఎవరిదో పసిబిడ్డను ఎత్తుకుపోతున్నట్టు నాకనిపించింది.

మంగళవారం జవ్దత్ చుట్టుపక్కలంతా వేరే బండి కోసం తిరిగాడు. ఒకడు ఊళ్ళో లేడు, ఇంకొకడు పోలీసులకు భయపడి రానన్నాడు. బావ ఆ రోజంతా ఒక్క ముద్ద తినలేదు. డాబా ఎక్కి కిందికి చూడటం, దిగడం, మళ్ళీ ఎక్కడం. "ఒక గోడకు పిచ్చెక్కి నడవడం మొదలెడితే నీలాగే ఉంటుంది" అంది అక్క. ఆమెకు సంగతి తెలియదు.

బుధవారం తెల్లవారగానే వాళ్ళు వచ్చారు. ముందు పోలీసు జీపులు, వెనక రెండు పెద్ద యంత్రాలు, కింది మలుపు నుంచి కొండ ఎక్కుతూ కనిపించాయి. వాడంతా వీధిలోకి వచ్చేసింది. హనాదీ, పిల్లలు ఆ గదుల్లోంచి పరుపులు, పుస్తకాల అలమర, కుట్టుమిషను లాక్కొచ్చి రోడ్డు మీద పడేస్తున్నారు. బావ పరిగెత్తుకెళ్ళి అలమర ఇంకో కొస పట్టుకున్నాడు. అలమర దించేటప్పుడు పుస్తకాలన్నీ జారి అతని కాళ్ళ మీద పడ్డాయి. కదల్లేదు.

జీపులు మా సందు మొదట్లో ఆగాయి. ఒక ఆఫీసరు దిగి కాగితం చూసుకున్నాడు. తర్వాత బండ్లన్నీ ఎడమకు తిరిగి కింది సందులోకి పోయాయి.

ఆ రోజు కూల్చింది నిమర్ అనే ప్లంబరు ఇల్లు. వాళ్ళకు గడువు ఎప్పుడో దాటిపోయింది. తమంతట కూల్చుకోవడానికి వాళ్ళు ఎవర్నీ పిలవలేదు. నిమర్ భార్య కేకలు మా దాకా వినిపించాయి. పెద్ద యంత్రం మొదటి దెబ్బ వేసినప్పుడు మా కాళ్ళ కింద రోడ్డు అదిరింది. బావ రాతి మెట్టు మీద కూలబడ్డాడు.

"లుత్ఫీ, వాళ్ళు అటు తిరగ్గానే నాకు ప్రాణం లేచొచ్చింది రా" అన్నాడు. "నిమర్ ఇంటి మీదికి పోతున్నారని తెలిసి కూడా. ఛీ, నేనేం మనిషిని!"

తర్వాత లేచి నిమర్ ఇంటికి పరిగెత్తాడు. సాయంత్రం దాకా రాళ్ళ కింది నుంచి వాళ్ళ సామాను చేతుల్తో తీశాడు. నేనూ తీశాను.

గురువారం కోర్టులో యార్దెనాకు స్టే దొరికింది. తుది తీర్పు వచ్చేదాకా ఆ రెండు గదులు ముట్టుకోకూడదు. ఆమె ఫోన్లో అరిచింది, హనాదీ ఏడ్చింది, జవ్దత్ వాడంతా తిరిగి చెప్పాడు. నేను గొట్టం తీసుకెళ్ళి బావకు ఇచ్చాను. బిగించేసి ఊరుకుంటాడనుకున్నాను. దాన్ని చేతిలో పట్టుకుని నేరుగా హనాదీ ఇంటికి బయల్దేరాడు. వద్దని చెయ్యి పట్టుకున్నా విదిలించుకున్నాడు.

గొట్టం తనే విప్పి దాచానని బావ చెబుతుంటే హనాదీ తలుపు దగ్గరే నిలబడి విన్నది.

"నన్ను అడిగావా?" అంది ఆఖరికి.

"అడిగితే వద్దనేదానివి, చెల్లెమ్మా."

"అవును, వద్దనేదాన్ని. వద్దన్నాను కూడా. బుధవారం ఆ బండ్లు ఇటు తిరిగుంటే నా పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోయేదాన్ని? మీ ఇంటికా?"

"మా ఇంటికే రావలసింది."

"నాకు నీ ఇల్లు వద్దు. నా ఇంటి సంగతి నన్ను అడగాలి. వాళ్ళూ అడగరు, నువ్వూ అడగవు. మరి తేడా ఏముంది, అన్నా?"

"స్టే వచ్చింది కదమ్మా..."

"వచ్చింది. రాకపోయుంటే?"

తలుపు వేసేసింది. బావ ఆ గొట్టం పట్టుకుని చాలాసేపు అక్కడే ఉన్నాడు. నాకు అతని మీద జాలేసింది, ఆమె మాటలో తప్పూ కనిపించలేదు. ఇప్పటికీ కనిపించదు.

ఆ తర్వాత బావ పని తీరు మారింది. ఎవరైనా కూల్చడానికి పిలిస్తే ముందు యార్దెనాకు ఫోను చేసి వాళ్ళ చేతికే ఇస్తాడు. "ఆమె చెప్పేది విను, నేను చెప్పేది విను, ఆ తర్వాత నీ ఇష్టం. నువ్వు ఏదంటే అదే చేస్తాను" అంటాడు. కొందరు కోర్టుకు వెళ్తారు. వెళ్ళినవాళ్ళలో గెలిచినవాళ్ళు తక్కువ, ఓడినవాళ్ళు ఎక్కువ, వాయిదాల మీద బతుకుతున్నవాళ్ళు ఇంకా ఎక్కువ. కొందరు మాకు ఓపిక లేదు పడగొట్టేయమంటారు. పడగొడతాడు. నిమర్ ఇల్లు పోయినచోట రేకుల గది లేపడానికి నేల చదును చేసింది కూడా బావే. దానికీ నోటీసు వస్తుందని ఇద్దరికీ తెలుసు.

యార్దెనాతో ఇప్పటికీ పోట్లాడుతూనే ఉంటాడు. ఆమె కారు అద్దం ఎవరో పగలగొట్టారని తెలిసిన రోజు మాత్రం పోట్లాట పెట్టుకోకుండా అట్టముక్క తెచ్చి, టేపుతో అంటించి పంపాడు. "రేపు సరైన అద్దం వేయించుకో, వాన వస్తే కేసులన్నీ తడిసిపోతాయి" అన్నాడు.

హనాదీ ఏడాదికి పైగా అతనితో మాట్లాడలేదు. ఎదురుపడితే మా అక్కను పలకరించి అతన్ని దాటుకుని పోయేది. పోయిన వసంతంలో ఆమె పెద్ద కూతురికి నిశ్చితార్థం, ఆ రెండు గదుల్లోనే. పిలుపు మా అక్కకొక్కదానికే వచ్చింది. బావ అయినా వచ్చాడు, నాతో పాటు వీధిలో నిలబడ్డాడు. లోపలినుంచి ఆడవాళ్ళ పాటలు, వేయించిన బాదం వాసన.

కాఫీ పళ్ళెంతో హనాదీ గుమ్మంలోకి వచ్చి అతన్ని చూసింది.

"రా అన్నా, లోపలికి" అంది. "బండి తేలేదు కదా?"

"లేదమ్మా. నడిచే వచ్చాను."

"అయితే కూర్చుని తాగు. నిలబడి తాగితే ఇవ్వను."

బావ వెళ్ళి కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్నాడు. కాఫీ తాగుతున్నంతసేపూ అతని కళ్ళు పైకప్పు మూలల మీద, గోడల మీద తిరుగుతూనే ఉన్నాయి. తుది విచారణ ఆ నెలాఖరున. ఆ సంగతి గదిలో ఎవరూ ఎత్తలేదు. పెళ్ళికూతురు ఉంగరం చూపించడానికి వస్తే, "చాలా బాగుందమ్మా" అంటూ లేచాడు. హనాదీ గుడ్లురిమింది. మళ్ళీ కూర్చున్నాడు.