కాలువ వదిలాక చూడాల్సిన ఇల్లు

ఇల్లు కొనుక్కుందామని అనుకున్న దగ్గర్నుంచీ నాకు మనుషుల మీద నమ్మకం తగ్గిపోయింది. అప్పటికి మేం రాజమండ్రిలో అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మావారికి ఎవరేం చెప్పినా నిజమే అనిపిస్తుంది. నాకేమో ఇల్లు చూపించే మనిషి నవ్వుతూ తలుపు తీస్తే, ఈయన ఎందుకు నవ్వుతున్నాడా అనిపించేది.

మా స్కూల్లో లెక్కలు చెప్పే మేడం ఒకావిడ ఉన్నారు. ఒక ఇల్లు కొని, దాంతో నానా అవస్థా పడి, అది అమ్మేసి ఇంకోటి కట్టుకున్నారు. నన్ను లంచ్ టైంలో కూర్చోబెట్టి చాలా చెప్పారు. బ్రోకరు పక్కన లేకుండా ఒక్కదాన్నే వెళ్ళి ఇరుగుపొరుగుని అడగాలట. గోడకి కొత్తగా రంగు వేసుంటే ఎందుకు వేశారో కనుక్కోవాలట. బీరువాలు తెరిచి వాసన చూడాలట. చివర్లో మాత్రం, "ఆ ఇంట్లో వంట చేసే ఆవిడతో మాట్లాడమ్మా. మగవాళ్ళు ఇంటికి వచ్చిపోతుంటారు. రోజంతా అందులో ఉండేది ఆవిడే కదా" అన్నారు.

మే నెలలో ధవళేశ్వరంలో ఒక ఇల్లు చూశాం. కాలువ గట్టు దిగగానే సందులో మూడో ఇల్లు. చుట్టూ ఖాళీ, వెనక కరివేపాకు చెట్టు, లోపల మంచి గాలి. యజమాని రిటైరైన ఉద్యోగి, మర్యాదస్తుడు. మావారికి గుమ్మంలోనే నచ్చేసింది. నేను గదులన్నీ తిరిగాను. వెనక గదిలో గోడలకి నడుం ఎత్తు దాకా కొత్త రంగు, ఆ పైన అదే రంగు కాస్త వెలిసినట్టు ఉంది. అడిగితే, మనవలు పెన్సిల్ గీతలు గీశారని చెప్పాడాయన. ఈ నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ అయిపోతే బాగుంటుందండీ అని కూడా అన్నాడు. ఈ నెలాఖరే ఎందుకని అడిగాను. కాకినాడలో తమ్ముడి పక్కన ఫ్లాటు మాట్లాడుకున్నాడట.

మర్నాడు ఒక్కదాన్నే వెళ్ళి ఆ సందులో వాళ్ళని అడిగాను. మొదటింటావిడ, "మంచి ఇల్లండీ, కళ్ళు మూసుకుని కొనుక్కోండి" అంది. ఎదురింటాయన కూడా కళ్ళు మూసుకుని కొనుక్కోమన్నాడు. సందు చివర ఇంట్లో ఇంకొకావిడ ఉంది. ఆమె మేం చూసిన ఇంటి గేటు వైపు ఒకసారి చూసి, ఆ తర్వాతే ఆ మాట అంది. ముగ్గురూ ఒకే మాట అనేసరికి నాకు అనుమానం వచ్చింది. వీళ్ళందరికీ ఆయన ముందే చెప్పిపెట్టాడని అర్థమైంది. ఏం దాస్తున్నారో మాత్రం తెలియలేదు.

ఆ ఆదివారం మళ్ళీ ఇద్దరం వెళ్ళాం. ఆయన మావారిని డాబా మీదకి తీసుకెళ్ళాడు. నేను మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళాను. ఆయన భార్య గ్లాసు నా చేతికిస్తూ, నా మొహం చూడకుండా, "జూన్‌లో కాలువ వదిలాక వచ్చి చూడండమ్మా. ఇప్పుడు కాలువ కట్టేశారు కాబట్టి పొడిగా ఉంది. నీళ్ళు వదిలితే వెనక గదిలో చీలమండల దాకా ఊట వస్తుంది" అంది. అంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయింది.

ఇంటికొచ్చి చెప్తే మావారు, ఇంకేం, వదిలేద్దాం అన్నారు. నాకు మాత్రం ఆవిడ మీదే అనుమానం పట్టుకుంది. అమ్ముకునే మనిషి తన ఇంటి గురించి తానే చెడ్డగా ఎందుకు చెప్తుంది? వేరే ఎవరికైనా ఇప్పిద్దామనా? మొగుడి మీద కోపమా?

ఆ ఇంటాయన పెన్షన్ పని మీద రాజమండ్రి వచ్చాడని బ్రోకరు మాటల్లో దొర్లింది. ఆ పూటే ధవళేశ్వరం ఆటో ఎక్కాను. ఆవిడ నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. కుర్చీ వేసి కూర్చోమంది. తర్వాత తనే మొదలుపెట్టింది. ఆ స్థలం వాళ్ళ నాన్నగారు ఆవిడకి పసుపు కుంకుమల కింద ఇచ్చారు. ఇల్లు కట్టేటప్పుడు పొద్దున్నా సాయంత్రం గోడలు తడిపింది ఆవిడే.

"ఇల్లు నా పేరునే ఉందమ్మా. అమ్ముదామా అని నన్ను ఎవరూ అడగలేదు. బేరం కుదిరాక సంతకానికి పిలుస్తారట."

"మరి నీళ్ళ సంగతి నిజమేనా పిన్నిగారూ?"

"నిజమే. వచ్చి చూసుకోండి" అంది.

నమ్మాలనిపించింది, కానీ నమ్మలేకపోయాను. ఇల్లు పోకుండా ఉండటానికి ఆవిడ ఏమైనా చెప్పొచ్చు. ఇల్లు అమ్మడానికి ఆయనా ఏమైనా చెప్పొచ్చు. కాలువ వదిలాకే ఏ సంగతీ చెప్తామని బ్రోకరుకి ఫోన్ చేశాను. అతనికి కోపం వచ్చింది. రావులపాలెం నుంచి అరటి వ్యాపారి ఒకాయన బయానాతో సిద్ధంగా ఉన్నాడని చెప్పాడు. అదీ అబద్ధమే అనుకున్నాను. మావారు మాత్రం అతని మాట నమ్మి, మంచి ఇల్లు చేజారిపోతోందని రెండు మూడు రోజులు ముభావంగా తిరిగారు.

కాలువ వదిలిన వారానికి, ఒక ముసురు రోజున వెళ్ళాను. ఎర్రనీళ్ళు గట్టు అంచున పారుతున్నాయి. ఆవిడే తలుపు తీసి, నేరుగా వెనక గదిలోకి తీసుకెళ్ళింది. గోడవార టైల్స్ మధ్య గీతలు నల్లబడి ఉన్నాయి. వేలు పెడితే తడి తగిలింది. కొత్త రంగు బుడగలు లేచింది. అంతే. చీలమండలు కాదు కదా, అరికాలు తడవడానికి కూడా లేదు.

"చీలమండల దాకా అన్నారు" అన్నాను.

"కాస్త చెమ్మ వస్తుందంటే మీరు కొనేసేవారు" అంది ఆవిడ.

నాకు కోపం రావాలి. రాలేదు. నవ్వొచ్చింది. ఆవిడకీ నవ్వొచ్చింది. రావులపాలెం ఆయన నిజంగానే వచ్చాడట. ఆయన భార్యకీ వంటింట్లో అదే మాట చెప్పిందట. రెండు బేరాలు పోయాక భర్తకి సందేహం వచ్చి, ఇల్లు అమ్మడం నీకు ఇష్టమేనా అని అడిగాడట. ఇష్టం లేదని అప్పుడు చెప్పిందట ఆవిడ, వంటింటి మాటల సంగతి మాత్రం చెప్పలేదట. ఆయన నెల రోజులు కాకినాడ పేరెత్తకుండా, అన్నం దగ్గర కూడా పెద్దగా మాట్లాడకుండా గడిపాడు. ఆ తర్వాత అమ్మకం మాట మానేసి, వెనక గోడ అడుగున చెమ్మ రాకుండా పని చేయించాడు.

ఆ వానల్లోనే మాకు ఇల్లు చూడటానికి ఆవిడ నాతో వస్తానంది. వానాకాలంలో చూస్తేనే ఇల్లు తెలుస్తుందంది. ఈవిడకి ఇందులో ఏం లాభం, బ్రోకరుతో ఏమైనా కలిసిందా అని మళ్ళీ అనుమానం. అయినా తీసుకెళ్ళాను. ఏ ఇంటికెళ్ళినా ముందు వంటింట్లోకి నడిచేది. బాత్రూంలో మగ్గుతో నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూసేది. ఆ ఇంటి ఆడవాళ్ళతో కూరల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ, మోటారు ఎన్నాళ్ళకోసారి చెడుతుంది, పక్కింటి మురుగు ఎటు పోతుంది అని రాబట్టేది. నేను అడిగితే దాచేవాళ్ళు ఆవిడకి విసుగు లేకుండా చెప్పేసేవారు.

కాలువకి దూరంగా, మెరక మీద ఒక ఇల్లు దొరికింది. పడమటి ఎండ హాల్లోకి కొడుతుందనీ, వేసవిలో సాయంత్రాలు కష్టమనీ ఆవిడ ముందే చెప్పింది. అన్నీ తెలిసే కొనుక్కున్నాం.

గృహప్రవేశానికి ఇద్దరూ వచ్చారు. ఆవిడ లోపల పాలు పొంగించే దగ్గర ఉంది. భోజనాలయ్యాక ఆయన వరండాలో నా పక్కన నిలబడి, చేతులు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగాడు.

"ఆ ఆదివారం వంటింట్లో మా ఆవిడ మీతో ఏం చెప్పిందండీ?"

"మంచినీళ్ళు అడిగానండి, ఇచ్చారు" అన్నాను.

ఆయన తల ఊపి, నా మొహంలోకి చాలాసేపు చూశాడు. నమ్మలేదు.